హెల్త్ క్యాంపులో బీపీ 148/96 అన్నారు: ముందు బరువు తగ్గి చూడాలా, మాత్ర మొదలుపెట్టాలా?

ప్రశ్న: గచ్చిబౌలి ఉద్యోగి

అందరికీ నమస్కారం. నా వయసు 36 ఏళ్లు. గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, బొడ్డు దగ్గర చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. గత నెలలో మా ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో బీపీ 148/96 అని రాసిచ్చారు. పరగడుపున షుగర్ 108, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 240 ఉన్నాయి. స్కానింగులో ఫ్యాటీ లివర్ మొదటి గ్రేడు అని వచ్చింది. క్యాంపుకు వచ్చిన డాక్టరు గారు కాగితం చూసి, ఆలస్యం చేయకుండా ఫిజీషియన్‌ను కలవమని, బహుశా మాత్ర వాడవలసి వస్తుందని చెప్పారు.

ఇంట్లో మాత్రం మా అమ్మ, మేనమామ గట్టిగా అడ్డుపడుతున్నారు. ఇంత చిన్న వయసులో మాత్ర పట్టుకుంటే జన్మంతా వదలదని, ముందు పొట్ట తగ్గించుకుంటే బీపీ దానంతటదే దిగుతుందని వాళ్ల వాదన. మా నాన్నగారికి 58వ ఏట పక్షవాతం వచ్చింది, అప్పటిదాకా ఆయనకు బీపీ ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. అందువల్ల ఈ అంకెను తేలిగ్గా తీసుకోవడానికి నాకు మనసొప్పడం లేదు.

నా దినచర్య కూడా చెబుతాను. ఉదయం క్యాబ్‌లో గంట, ఆఫీసులో కుర్చీలో ఎనిమిది తొమ్మిది గంటలు, సాయంత్రం మళ్లీ క్యాబ్, రాత్రి అమెరికా వాళ్లతో కాల్. భోజనం చేసేసరికి పదిన్నర దాటుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం ఏమీ లేవు. ఏ లక్షణమూ లేనప్పుడు నాలుగైదు నెలలు ఆగి, బరువు తగ్గి, అప్పుడు చూసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: జనరల్ ఫిజీషియన్, సికింద్రాబాద్

మీ ప్రశ్నలో ‘బరువా, మాత్రా’ అని రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టారు. నా దగ్గరకు వచ్చే మీ వయసు వారిలో చాలామంది ఇలాగే అడుగుతారు. అసలు మొదట తేలవలసింది ఆ 148/96 అనే అంకె నిజమా కాదా అన్నది. అది తేలకుండా మాత్ర మొదలుపెట్టడమూ సరికాదు, నాలుగైదు నెలలు ఊరుకోవడమూ సరికాదు.

క్యాంపుల్లో బీపీ చూసే తీరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఉద్యోగి మీటింగు మధ్యలో లేచి వస్తాడు, వచ్చే ముందు కాఫీ తాగి ఉంటాడు, వరుసలో నిలబడి కబుర్లు చెబుతుంటాడు. పేరు పిలవగానే స్టూలు మీద వెన్నుకు ఆనిక లేకుండా కూర్చుని, చొక్కా చేతిని పైకి లాగి చేయి చాపుతాడు. చుట్టిన పట్టీ అతని దండకు, అంటే మోచేతికి పైన ఉండే భాగానికి, చిన్నదై ఉంటుంది. ఇందులో ప్రతిదీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించేదే. కాబట్టి పై అంకె 180కి గానీ కింది అంకె 110కి గానీ చేరనంత వరకు, వేరే ప్రమాద సూచనలు లేనంత వరకు, ఒక్కసారి చూసిన అంకెతో జబ్బును నిర్ధారించకూడదు.

ఇంట్లో దండకు కట్టుకునే డిజిటల్ మిషన్ ఒకటి కొనుక్కోండి. మణికట్టుకు పెట్టుకునేవి వద్దు. ఉదయం నిద్ర లేచి, మూత్రవిసర్జన చేసి, కాఫీ టిఫిన్ల కంటే ముందు కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేతిని గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద ఆనించి, మాట్లాడకుండా నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండు అంకెలూ రాసుకోవాలి. రాత్రి పడుకునే ముందు మళ్లీ అలాగే. ఇలా ఏడు రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి, మిగిలినవాటి సగటు తీయండి. ఆసుపత్రిలో చూసినప్పుడు 140/90ని హద్దుగా తీసుకుంటాం, ఇంట్లో చూసినప్పుడు మాత్రం హద్దు 135/85. డాక్టరును చూడగానే పెరిగి ఇంట్లో మామూలుగా ఉండేవారూ ఉన్నారు, దానికి తలకిందులుగా ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో, ఆఫీసులో పెరిగేవారూ ఉన్నారు. రెండో రకం వారే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

ఇక లక్షణాలు లేవన్న మాట. అధిక రక్తపోటుకు సాధారణంగా లక్షణాలు ఉండవు. మీ నాన్నగారి విషయంలో జరిగిందీ అదే. తలనొప్పి లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

పొట్టకూ బీపీకీ సంబంధం ఏమిటని మీ ఇంట్లోవారు అడిగితే ఇలా చెప్పండి. కడుపు లోపల, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు. అది రక్తనాళాలను బిగించే హార్మోన్ల వ్యవస్థను రెచ్చగొడుతుంది, నాడీవ్యవస్థను ఎప్పుడూ ఉరుకుల మీద ఉంచుతుంది, మూత్రపిండాలను చుట్టుముట్టి ఒత్తుతుంది. ఫలితంగా మూత్రపిండాలు బయటికి పంపవలసిన సోడియాన్ని, అంటే ఉప్పులో ఉండే పదార్థాన్ని, పట్టి ఉంచుతాయి. సోడియంతో పాటు నీరు నిలుస్తుంది, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మనవారికి బరువు కంటే నడుము కొలతే ముందుగా హెచ్చరిస్తుంది. దక్షిణాసియా పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. మీది 101. ఎత్తును బట్టి బరువును లెక్కించే మీ బీఎంఐ 29 దాకా ఉంది, మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. షుగర్ 108 అంటే మధుమేహానికి ముందు దశ. ఇవన్నీ కలిపి చూస్తే మీ సమస్య బీపీ ఒక్కటే కాదు.

ఇది మీ ఒక్కరి సంగతీ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు కలిసి ఈ నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది.

బరువు తగ్గితే బీపీ తగ్గుతుందన్న మీ అమ్మగారి మాట నిజమే. స్థూలంగా ఒక కిలో తగ్గితే పై అంకె ఒక పాయింటు దిగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ తగ్గేదాకా ఎంతకాలం ఆగాలన్నది ఇంట్లో తీసిన సగటు మీద, మిగిలిన పరీక్షల మీద ఆధారపడుతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఇంకా పొటాషియం, మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ చేయించుకోండి. 40 ఏళ్లలోపు వారిలో బీపీ పెరిగినప్పుడు మూత్రపిండాలు, థైరాయిడ్, ఇతర గ్రంథుల సమస్యలు ఏమైనా ఉన్నాయా అని కూడా చూడాలి. నడుము నొప్పికి, మెడ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలూ బీపీని పెంచుతాయి. కంప్యూటరు ముందు పనిచేసేవారు ఇవి ఎంత తరచుగా మింగుతారో నేను రోజూ చూస్తున్నాను.

ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదన్న భయం గురించి. మాత్ర అలవాటు పడేది కాదు. జబ్బు కొనసాగుతున్నంత కాలం మందు కొనసాగుతుంది. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గి, అంకెలు నిలకడగా దిగినవారికి మోతాదు తగ్గించిన సందర్భాలున్నాయి, కొందరికి డాక్టరు పర్యవేక్షణలో పూర్తిగా ఆపిన సందర్భాలూ ఉన్నాయి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

జవాబు: పోషకాహారం బోధించే అధ్యాపకురాలు, తార్నాక

డాక్టరు గారు ఉప్పు ప్రస్తావన ఒక్క మాటలో వదిలేశారు కనుక అది నేను అందుకుంటాను. బీపీ విషయంలో బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఉప్పు తగ్గించిన ఫలితం మాత్రం కొద్ది వారాల్లోనే కనబడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెప్పినా, పెద్దవారికి రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలు. అంటే తల కొట్టిన ఒక టీ చెంచాడు, కూరల్లో వేసినదీ పచ్చళ్లలో ఉన్నదీ అన్నీ కలిపి. పాశ్చాత్య దేశాల్లో ఉప్పులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీల్లో తయారైన ఆహారం నుంచి వస్తుంది. మన ఇళ్లలో ఎక్కువ భాగం వంట చేసే చేతి నుంచే వస్తుంది, కాబట్టి తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంది.

మీ ఇంట్లో ఎంత ఉప్పు వాడుతున్నారో తెలుసుకోవడానికి నేను విద్యార్థులకు చెప్పే పద్ధతి ఇది. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తారీఖు రాయండి. ఇంట్లో నలుగురు పెద్దవారు ఉంటే, మనిషికి ఐదు గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, అంటే ఆ ప్యాకెట్టు 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే మనిషికి పది గ్రాములు పడుతున్నట్టు. ఇందులో ఆవకాయ పట్టినప్పుడు వాడే ఉప్పును పక్కన పెట్టి లెక్క వేయాలి. ఆఫీసు క్యాంటీన్లో తిన్నది, బయట తిన్న బిర్యానీ, కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న కూరలు ఈ లెక్కలోకి రావని గుర్తుంచుకోవాలి. ఇంటి ప్యాకెట్టు 50 రోజులు వచ్చినా మధ్యాహ్నం, రాత్రి బయట తినేవారు హద్దు దాటుతారు.

క్యాంటీన్ పళ్లెం ఒకసారి పరిశీలించి చూడండి. పప్పులో ఉప్పు, వేపుడులో ఉప్పు, సాంబారులో ఉప్పు, వాటి పక్కన అప్పడం, పెరుగన్నంలోకి మామిడికాయ ముక్క. సాయంత్రం టీ దగ్గర మిక్చర్ పొట్లం. ఇందులో దేన్నీ జీవితాంతం మానేయమని నేను చెప్పను. అన్నంలో, మజ్జిగలో విడిగా ఉప్పు కలుపుకోవడం మానండి, అప్పడమూ ఊరగాయా ఒకే పూట వద్దు, మిక్చర్ బదులు ఉప్పు వేయని వేరుశెనగలు గుప్పెడు తినండి. నాలుక రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, ఆ తర్వాత పాత రుచే ఎక్కువ అనిపిస్తుంది. వంటలో నిమ్మరసం, చింతపండు, జీలకర్ర, మిరియాలు కొంచెం ఎక్కువ వాడితే ఉప్పు లోటు తెలియదు.

సైంధవ లవణం వాడితే బీపీ పెరగదని చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు. సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే. అయోడిన్ కలపని సైంధవం వాడితే ఆ అయోడిన్ కూడా పోతుంది. ఇక సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు అమ్ముతారు. అది చాలామందికి మంచిదే గానీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడకూడదు, పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

బరువు విషయంలో మీ దినచర్యలో నాకు కనిపించిన పెద్ద చిక్కు రాత్రి పదిన్నర భోజనం. కాల్‌కు ముందు, ఏడున్నర ఎనిమిది మధ్య, రెండు జొన్నరొట్టెలూ ఆకుకూర పప్పూ తినేసి, కాల్ అయ్యాక ఆకలి వేస్తే ఒక గ్లాసు పలుచటి మజ్జిగ తాగండి. తోటకూర, పాలకూర, గోంగూర, అరటిపండు, పప్పులు పొటాషియం ఉన్న ఆహారాలు, అవి రక్తపోటుకు మేలు చేస్తాయి. అన్నం మానేయనక్కర లేదు. పళ్లెంలో అన్నం తగ్గి కూర, పప్పు పెరగాలి.

జవాబు: రాత్రి షిఫ్టు, నానక్‌రామ్‌గూడ

పైన చెప్పినవాటికి ఒక్కటి కలుపుతాను. మీరు గురక పెడతారేమో ఇంట్లో అడిగి తెలుసుకోండి. నాకు రెండు రకాల మాత్రలు వాడినా బీపీ అదుపులోకి రాకపోతే, మా డాక్టరు గారు నా భార్యను లోపలికి పిలిచి అడిగారు. నిద్రలో ఊపిరి కాసేపు ఆగిపోయి, ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతుందని ఆమె చెప్పింది. నిద్ర పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ లేస్తూ ఉంటే శరీరం ప్రతిసారీ అపాయం వచ్చినట్టే స్పందిస్తుందని, అందువల్ల పగలు కూడా బీపీ దిగదని ఆయన వివరించారు. నిద్రలో ముక్కుకు గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మిషన్ పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాక బీపీ కొద్దిగానే దిగింది, కానీ పగటి మత్తు పోయి, నడవడానికి ఓపిక వచ్చింది. బరువు తగ్గడం ఆ తర్వాతే సాధ్యమైంది. పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే, ఉదయం తల బరువుగా ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయకండి.

జవాబు: బ్యాంకు ఉద్యోగిని, కోఠి

సాఫ్ట్‌వేర్ వారికే కాదు, కౌంటరులో కూర్చునే మా అందరికీ ఇదే సమస్య. కూర్చోవడం వల్ల ప్రమాదమన్న మాట కొత్తది కాదు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవారిని పరిశీలించి 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే సీటులో కూర్చునే డ్రైవర్లకు గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ఒకటి, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి ఆ అదనపు ముప్పు పోవాలంటే 60 నుంచి 75 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ కావాలని చెప్పింది. వారానికి 150 నిమిషాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కనీస మొత్తమే. అది దాటిన కొద్దీ మేలు.

ఆచరణలో ఇది ఒక్క విడతలో కుదరదు, ముఖ్యంగా మన నగరంలో. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటితే ఎండ నిలవనివ్వదు, చాలా రోడ్లకు నడవడానికి ఫుట్‌పాత్ కూడా లేదు. కేబీఆర్ పార్కు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు ఒడ్డు దగ్గరలో ఉన్నవారు అదృష్టవంతులు. మిగిలినవారు ఆఫీసులోనే దారి వెతుక్కోవాలి. స్క్రీన్ చూడనవసరం లేని ఫోన్ కాల్ ఏదైనా నడుస్తూ మాట్లాడవచ్చు. భోజనం కాగానే సీటుకు వెళ్లకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే, తిన్న తర్వాత పెరిగే షుగర్ కూడా తగ్గుతుంది. మెట్రోలో రాయదుర్గం వెళ్లేవారు ఎస్కలేటరు వదిలి మెట్లెక్కవచ్చు. నిలబడి పనిచేసే బల్ల కొనుక్కుంటే చాలనుకునేవారికి చెబుతున్నాను, నిలబడటం నడకతో సమానం కాదు. కదలాలి.

యాజమాన్యాల గురించి కూడా అనాలి. నాకు తెలిసిన ఒక సంస్థ ఉద్యోగులకు జిమ్ కూపన్లు ఇచ్చి, సాయంత్రం ఆరున్నరకు రోజువారీ మీటింగు పెడుతుంది. మధ్యాహ్నం భోజన సమయంలో మీటింగులు పెట్టకపోవడం, క్యాంటీన్లో ఉప్పూ నూనే తగ్గించమని కాంట్రాక్టులో రాయడం వారి చేతిలో ఉన్న పనులు. ఉద్యోగి ఒక్కడి పట్టుదల మీదే ఈ భారమంతా వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి మరో సందేశం: గచ్చిబౌలి ఉద్యోగి

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే ఇంట్లో వారం పాటు చూసుకున్నాను. సగటు 141/92 వచ్చింది. ఉదయం అంకెలే ఎక్కువగా ఉన్నాయి. ఫిజీషియన్ గారు పరీక్షలన్నీ చేయించి, మూత్రపిండాలు బాగానే ఉన్నాయని చెప్పి, టెల్మిసార్టాన్ 40 రోజుకొకటి రాశారు. నాన్నగారి చరిత్ర, షుగర్, కాలేయం అన్నీ కలిపి చూసి ఆగడం మంచిది కాదన్నారు. ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు మీద అమ్మ చేతనే తారీఖు రాయించాను. గురక ఉందని మా ఆవిడ చెప్పింది, కానీ ఊపిరి ఆగడం గమనించలేదట. మరో రెండు సందేహాలున్నాయి. నా దండ చుట్టుకొలత 34 సెంటీమీటర్లు, మిషన్‌తో వచ్చిన పట్టీ సరిపోతుందా? మాత్ర మొదలయ్యాక మళ్లీ ఎప్పుడు పరీక్షించుకోవాలి?

జవాబు: జనరల్ ఫిజీషియన్, సికింద్రాబాద్

మామూలు పట్టీలు ఎక్కువగా 22 నుంచి 32 సెంటీమీటర్ల దండకు సరిపోతాయి. ఆ కొలత పట్టీ మీదే ముద్రించి ఉంటుంది. మీది 34 కనుక పెద్ద పట్టీ విడిగా కొనాలి, లేకపోతే 22–42 అని ఉన్నది తీసుకోవాలి. చిన్న పట్టీతో తీసిన అంకెలు కొన్ని పాయింట్లు ఎక్కువ చూపించి ఉండవచ్చు. కాబట్టి పెద్ద పట్టీ వచ్చాక మరోసారి వారం పాటు చూసి, ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. మీ డాక్టరు అంకె ఒక్కటే చూసి మాత్ర రాయలేదు కనుక, ఈలోగా మాత్ర మాత్రం ఆపకండి.

టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం ఒకసారి చూడాలి. బీపీ దిగిందా లేదా అన్నది నెల రోజులకు గానీ స్పష్టంగా తెలియదు, రెండు రోజులు చూసి మందు పనిచేయడం లేదనుకోవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో మాత్ర వేసుకోవాలో ఆపాలో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇదే మాత్ర వాడే స్త్రీలు ఎవరైనా ఇది చదువుతుంటే, గర్భం ధరించే ఆలోచన ఉన్నప్పుడు ముందుగానే డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి, గర్భిణులకు ఇది పనికిరాదు.

మిషన్ కొనే స్తోమత లేనివారు బస్తీ దవాఖానాలో ఉచితంగా బీపీ చూపించుకోవచ్చు, మందులూ అక్కడే ఇస్తారు. మీ ఇంట్లో పనిచేసేవారికి, క్యాబ్ నడిపేవారికి ఈ సంగతి చెప్పండి. డ్రైవరు కూడా మీ అంతసేపే కూర్చుంటాడు, అతనికి హెల్త్ క్యాంపు పెట్టేవారు లేరు.